ఒక ఫ్యాను తక్కువ

ప్రాసెసర్ మీద బఠాణీ గింజంత పేస్టు పెట్టి, పైన వేడిని లాగేసే హీట్‌సింకును దించి, నాలుగు మూలల మరలనూ రెండేసి చుట్లు బిగించుకుంటూ వస్తున్నాడు అంకమ్మరావు. ఒక మూలనే గట్టిగా బిగిస్తే రెండో పక్క లేస్తుంది. ఎదురెదురు మూలలు చూసుకుని కొంచెం కొంచెంగా తిప్పాలి. ఇరవై ఏడేళ్లుగా ఇదే పని. చెయ్యి ఆగవలసిన చోట దానంతటదే ఆగింది.

బెంజ్ సర్కిల్ నుంచి రెండు సందుల అవతల, మందుల దుకాణం పైన మొదటి అంతస్తులో ఉంది ఆ కంప్యూటర్ షాపు. మే నెల. పొద్దున పదింటికే షట్టరు మీద చెయ్యి వెయ్యలేకుండా ఉంది. అంకమ్మరావు పొట్టి మనిషి. సన్నటి మణికట్లు, ముక్కు కొసకు జారిన కళ్లజోడు, బంధువుల మగ్గం మీద నేసిన తెల్లటి పొట్టిచేతుల చొక్కా. కుడి చూపుడువేలి గోరు మాత్రం కాస్త పెంచుకున్నాడు, చిన్న చిన్న తీగల కొసలు లేపడానికి. బల్లకు ఎడమవైపు గోడ. మూడేళ్ల కిందట తనే బల్లను అలా జరిపించుకున్నాడు. వెలుతురు బాగా పడుతుందని చెప్పాడు.

షాపు యజమాని జయదేవ్ వచ్చి కుడిపక్కన నిలబడ్డాడు. వాళ్ల నాన్న పెట్టిన షాపు అది. స్కూలు యూనిఫాంలో ఉన్నప్పటి నుంచి అంకమ్మరావును చూస్తున్నవాడు.

"బాబాయ్, టీచరుగారి సిస్టమ్‌కి లిక్విడ్ కూలర్ వేసేద్దామా? ముందు గ్లాసు, లోపల లైట్లు. చూడ్డానికి కూడా బావుంటది."

"చూడ్డానికి కాదు కదా ఆవిడ అడిగింది," అన్నాడు అంకమ్మరావు తల ఎత్తకుండానే. "నీళ్ల కూలర్‌లో పంపుంటది బాబూ. అది ఆగదు. సన్నంగా గుయ్యిమంటానే ఉంటది. ఇక గ్లాసంటావా, ముందు మూసేస్తే గాలెట్టా పోద్ది?"

"మరి నాలుగు ఫ్యాన్లంటే చప్పుడు రాదా?"

"పెద్దయి పెట్టా. చిన్న ఫ్యాను పరిగెత్తి రొప్పాలి. పెద్దదైతే నడిస్తే చాలు."

ముందు జాలీ ఉన్న క్యాబినెట్టు తీసుకున్నాడు. ముందు రెండు, వెనక ఒకటి, హీట్‌సింకుకు ఒకటి, అన్నీ అరచేతికంటే వెడల్పయినవి. క్యాబినెట్టుకు తగిలించే మూడింటికీ మరలు వాడలేదు. మెత్తటి రబ్బరు ముక్కలతో కట్టాడు, వణుకు రేకులోకి దిగకుండా. కరెంటు ఇచ్చి పైన అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచాడు.

"అసలు ఆన్‌లో ఉందా?" అన్నాడు జయదేవ్ వంగి.

కింద రోడ్డు మీద బస్సులు, ఆటోల హారన్లు, పక్క షాపు జనరేటరు. వాటి మధ్య వినపడకపోవడం పెద్ద గొప్ప కాదు. "ఆవిడింట్లో పెట్టి చూడాల. నేనే తీసుకుపోతా," అన్నాడు అంకమ్మరావు.

జ్ఞానేశ్వరి జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైంది. భవానీపురంలో ఉంటుంది. చూపులేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు చదివి, రికార్డు చేసి పంపుతుంది. మచిలీపట్నంలో సాయిశ్రీ అనే అమ్మాయికి జూన్ మొదటి వారంలో డిగ్రీ ఆఖరి పరీక్షలు. ఇంకా రెండు పుస్తకాలు మిగిలాయి. ఆ అమ్మాయే చెప్పిందట, "మేడమ్, మీ గొంతు వెనకాల ఎవరో పిండిమర ఆడిస్తున్నారు, గంట వింటే తల పగిలిపోతోంది" అని. జ్ఞానేశ్వరి పాత కంప్యూటర్ను మంచం కిందికి తోసింది. బొంత కప్పింది. అది ఉడికిపోయి ఆగిపోయింది. పదిహేను రోజుల కిందట షాపు మెట్లెక్కి వచ్చి, "లైట్లొద్దు, గేములొద్దు. నోరు మూసుకుని పనిచేసేది కావాలండీ," అంది. అందరూ నవ్వారు. అంకమ్మరావు ఆవిణ్ణి కూర్చోబెట్టి గది ఎంతుంటుందో, మైకు ఎంత దూరంలో పెడుతుందో అడిగాడు. రికార్డు చేసేటప్పుడు ఏసీ, సీలింగు ఫ్యాను కూడా ఆపేస్తానని ఆవిడ చెప్పింది. అదే అసలు చిక్కు. ఈ ఎండల్లో మూసిన గదిలో, వేడిగాలి పీలుస్తూ, అది చప్పుడు చెయ్యకుండా చల్లగా ఉండాలి.

అంకమ్మరావుది మంగళగిరి. ముందు గదిలో గుంటమగ్గం, దాని పక్కనే ఉయ్యాల. మగ్గం ఆడుతుంటే నిద్రపోయేవాడు, ఆగితే లేచి ఏడ్చేవాడని తల్లి చెప్పేది. ఏ పోగు తెగినా చూడకముందే విని కనిపెట్టేవాడు తండ్రి. ఆ చెవే కొడుకుకూ వచ్చింది. మగ్గం మాత్రం రాలేదు. రేడియోల రిపేరు నేర్చుకున్నాడు. తర్వాత టీవీలు, తర్వాత ఇవి. హార్డ్ డిస్కు టిక్కుటిక్కుమనడం విని, "వారం ఆడుద్ది, ఈలోగా మీ ఫైళ్లు తీసుకోండి" అంటే, వారమే ఆడేది. షాపుకు ఆ పేరు మీదే మనుషులొచ్చేవాళ్లు.

అయిదారేళ్ల నుంచి డిస్కుల్లో తిరిగేవి పోయి చప్పుడు లేనివి వచ్చాయి. యంత్రాలు మాట్లాడడం తగ్గించాయి. ఇంచుమించు అప్పుడే ఆయన ఎడమచెవి కూడా తగ్గింది, తర్వాత కుడిదీ కొంత. అందుకని షాపులో ఎవరికీ తెలియలేదు. ఎవరైనా "వినపడుతోందా?" అంటే "ఆఁ, ఉంది" అనేవాడు. తర్వాత వేళ్లతో వెతుక్కునేవాడు.

ఆటోలో పెట్టెను ఒళ్లో పెట్టుకుని దుర్గగుడి ఫ్లైఓవరు మీదుగా భవానీపురం చేరేసరికి పన్నెండయింది. రెండో అంతస్తు. ఎడమచేత్తో పెట్టె, కుడిచేత్తో పిట్టగోడ పట్టుకుని, మలుపుకోసారి ఆగి ఎక్కాడు. ఎడమచెయ్యి భుజం దాకా లాగింది. బరువుకనుకున్నాడు.

గది కిటికీలకు బొంతలు వేలాడదీసి ఉన్నాయి. అంకమ్మరావు వైర్లన్నీ కలిపాక జ్ఞానేశ్వరి ఏసీ ఆపింది, ఫ్యాను ఆపింది, తలుపు వేసింది. రెండు నిమిషాల్లో ఇద్దరికీ చెమటలు పట్టాయి. ఆవిడ ఏమీ మాట్లాడకుండా ఒక నిమిషం రికార్డు చేసి సాయిశ్రీకి పంపింది. కాసేపటికి ఫోనులో ఆ అమ్మాయి గొంతు వచ్చింది.

"పిండిమర పోయింది మేడమ్. కానీ దోమొకటి మిగిలింది. సన్నగా. వస్తా పోతా ఉంది."

జ్ఞానేశ్వరి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నది. "అవునండీ. ఉంది. మీరూ వినండి."

అంకమ్మరావు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. కుడిచెవికి అదిమి పట్టుకున్నాడు. ఏమీ లేదు. ఆఁ, ఉంది అనే మాట నాలుక దాకా వచ్చింది. హెడ్‌ఫోన్లు తీసి, తీగ చుట్టి బల్ల మీద పెట్టాడు.

"నాకు వినపట్టం లేదు మేడమ్‌గారూ. సన్నటి చప్పుళ్లు వినపడి మూణ్ణాలుగేళ్లయింది. మా షాపులో తెలవదు."

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. అయ్యో అనలేదు.

"మరి ఎట్లా పట్టుకుంటారు?"

"మీరు వినండి. పట్టుకోడం నేను చూస్తా."

పక్క రేకు తీసి, మోకాళ్ల మీద కూర్చుని, వెనక ఫ్యాను బొడ్డు మీద వేలు పెట్టి ఆపాడు. మళ్లీ హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైకులో వచ్చేది వింటున్న జ్ఞానేశ్వరి తల అడ్డంగా ఊపింది. హీట్‌సింకు ఫ్యాను ఆపాడు. కాదంది. ముందు వైపు పైది. ఊహూఁ. కింది దాని మీద వేలు పెట్టగానే ఆవిడ చెయ్యి పైకి లేచింది. వదిలాడు, దించింది. మళ్లీ ఆపాడు, లేచింది. అంకమ్మరావు స్క్రూడ్రైవరు కొసను ఆ ఫ్యాను చట్రానికి ఆనించి, పిడిని దవడకు ఆనించుకున్నాడు. పళ్లలోకి సన్నటి వణుకొకటి వచ్చింది. చాలా రోజుల తర్వాత కలిసిన మనిషిని గుర్తుపట్టినట్టు తల ఊపాడు.

"బేరింగులో ఉంది. పుట్టుకతోనే."

దాన్ని ఊడదీశాడు. ఆ కొలతది ఇంకొకటి తెచ్చుకోలేదు. షాపుకు ఫోను చెయ్యబోయి ఆగాడు. కావాలా అసలు? ముందొకటి, వెనకొకటి చాలవా? ప్రాసెసర్‌కు ఊపిరాడనంత పని పెట్టే ప్రోగ్రాం నడిపించి, తెర మీద వేడి అంకె కనపడేలా పెట్టి, గది మూసే ఉంచి, స్టూలు మీద కూర్చున్నాడు. జ్ఞానేశ్వరి మజ్జిగ తెచ్చింది. అరవై ఎనిమిది. డెబ్బై రెండు.

"డాక్టరుకి చూపించారా?"

"చూపించాల." గ్లాసు ఖాళీ చేసి అడిగాడు, "ఏం పాఠమండీ ఇప్పుడు చదవబోయేది?"

ఆవిడ పుస్తకం తెరిచి ఒక పేరా చదివింది. భూమి కొలతల గురించి, పూర్వం శిస్తులు ఎలా నిర్ణయించేవాళ్లో ఏదో. అంకమ్మరావుకు ఒక్క మాట కూడా జారిపోలేదు. ఆవిడ నోటి వైపు చూడకుండా, తల తిప్పకుండా, నేల వంక చూస్తూ విన్నాడు.

"మీ గొంతు మటుకు బాగా వినపడతంది మేడమ్‌గారూ."

"ముప్ఫై ఆరేళ్లు చివరి బెంచీకి చెప్పాను లెండి."

డెబ్బై ఆరు దగ్గర అంకె ఆగింది. ఇరవై నిమిషాలు చూశారు. అక్కడే ఉంది. అంకమ్మరావు ముఖం తుడుచుకున్నాడు. "చాలు. ఒక ఫ్యాను తక్కువతో నడుస్తది. మీరు చదివేటప్పుడు ఇంత పని కూడా పడదు దీనికి. నెలకోసారి ముందు జాలీ తీసి కడుక్కోండి, ఏటి ఇసక దుమ్ము పట్టుద్ది."

మళ్లీ ఒక నిమిషం రికార్డు చేశారు. అంకమ్మరావు రెండు గజాల దూరంలో స్టూలు మీద, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. సాయిశ్రీ జవాబు ఈసారి ఆలస్యంగా వచ్చింది. ఆయనకు వినపడాలని జ్ఞానేశ్వరి ఫోను గొంతు పెంచింది.

"మేడమ్, ఇప్పుడు గదిలో మీరొక్కరే ఉన్నారు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఆవిడ అప్పుడే మైకు ముందుకు జరుపుకుంది. పరీక్షలకు పద్దెనిమిది రోజులే ఉన్నాయి మరి. అంకమ్మరావు పనిముట్లు సంచిలో వేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసి దిగిపోయాడు.

కింద నీడలో నిలబడి జయదేవ్‌కు ఫోను చేశాడు. "అయిపోయింది బాబూ, బాగా వచ్చింది. ఒంట్లో కొంచెం నలతగా ఉంది, ఇటునుంచిటే ఇంటికెళ్తన్నా."

"వెళ్లు బాబాయ్. రేపు లేటుగా రా," అన్నాడు జయదేవ్.

మంగళగిరి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఇంటికొచ్చేసరికి నాలుగు దాటింది. ముందు గదిలో భార్య మల్లీశ్వరి రాట్నం దగ్గర నూలు కండెలు చుడుతోంది. ఇప్పుడు ఇంట్లో మగ్గం లేదు. పక్కింటి వాళ్లకు చుట్టిపెడుతుంది. పెందలాడే వచ్చిన మొగుణ్ణి చూసి రాట్నం ఆపింది.

"ఏమయ్యా, అన్నం తింటావా?"

"వద్దు. మజ్జిగ తాగా." చొక్కా విప్పి వసారాలో నవారు మంచం మీద కూర్చున్నాడు. మంచం ఎదుట స్టూలు మీద టేబుల్ ఫ్యాను తిరుగుతోంది. మెడ తిప్పి తిప్పి, ఎడమ చివరకు వచ్చినప్పుడల్లా టక్కుమంటుంది. రెండేళ్లుగా మల్లీశ్వరికి దాంతోనే పోరు.

"బెజవాడలో అందరి ఫ్యాన్లూ బాగుచేస్తావు. దీన్ని చూడవు గదా!"

ఎప్పుడూ "ఏం చప్పుడే?" అనేవాడు. ఇవాళ లేచి, దాని మెడ మీద రెండు వేళ్లు ఆనించి, అది ఎడమ చివరకు వచ్చిందాకా ఆగాడు.

"నిజమేనే. ఉంది. ఆదివారం చూస్తా." వచ్చి పడుకున్నాడు. "ఇవాళ ఒకావిడతో చెప్పేశా, నాకు వినపట్టం లేదని."

"చెపితే ఏమందీ?"

"మజ్జిగిచ్చింది."

మల్లీశ్వరి నవ్వుకుంటూ లోపలికి పోయి రాట్నం తిప్పింది. అయిదున్నరకు టీ పెట్టి, లోపలినుంచే ఒకసారి పిలిచింది. పలకలేదు. ఇంకోసారి కాస్త గట్టిగా పిలిచింది. పలక్కపోవడం ఆమెకు అలవాటే. చేతిలో ఉన్న కండె పూర్తిచేసి, కొస తుంచి, బుట్టలో వేసి, టీ గ్లాసు పట్టుకుని వసారాలోకి వచ్చింది. భుజం మీద చెయ్యి వేసింది. మూడోసారి పిలవలేదు.

ఆ సమయానికి భవానీపురంలో జ్ఞానేశ్వరి రెండో పాఠం చదువుతోంది.

పక్కింటి వాళ్లొచ్చారు, వీధి వీధంతా వచ్చింది. దీపాలు పెట్టేవేళకు జయదేవ్ కూడా వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రాలేక నిలబడ్డాడు. అంకమ్మరావును ముందు గదిలోకి తెచ్చి చాప మీద పడుకోబెట్టారు. వసారాలో మంచాన్ని తీసేవాళ్లు లేరు, స్విచ్చు ఆపాలని కూడా ఎవరికీ తోచలేదు. ఆయన ఒళ్లు ఒత్తిన పల్లం ఇంకా అలాగే ఉన్న నవారు మీదికి గాలి తోలుతూ, ఎడమ చివరకు వచ్చినప్పుడల్లా టక్కుమంటూ, టేబుల్ ఫ్యాను మెడ తిప్పుతూనే ఉంది.