ఏడు యాభై ఎనిమిదికి మౌనం

పెన్సిలు మొన వేలితో తడిమి చూసుకుని, చేతి గడియారం విప్పి కాగితం పక్కన పెట్టుకుంది. ఆరు కావడానికి ఇంకా నిమిషం పైన ఉంది. రేడియోలో గుర్రు మొదలైంది. అంటే కొండ అవతల, స్టేషనులో, ఎవరో మీట నొక్కారన్నమాట. ఆ గుర్రుకి కూడా సమయం రాసింది. కాసేపటికి గొంతు వచ్చింది. రెండో మాటకే ఆమెకు తెలిసిపోయింది, అతనికి జలుబు చేసింది. రాత్రి తల తడిసి ఉంటుంది. కాగితం మీద మాత్రం ‘ప్రారంభం సకాలంలో’ అని రాసి ఊరుకుంది. జలుబు రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.

ఆమె ఉద్యోగం వినడం. ఉదయం ఆరు నుంచి పదకొండు వరకు, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు స్టేషను వారి ప్రసారం వింటూ తప్పులు రాయాలి. మాట తడబడితే ఒక గడి, పాట వేగం తప్పితే ఒక గడి, ఐదు సెకన్లకు మించి ఏమీ వినిపించకపోతే ‘మౌనం’ అని మరో గడి. జీతం చీటీలో ఆమె హోదా ‘శ్రవణ పరిశీలకురాలు’. స్టేషనులో అందరూ చెవులమ్మ అంటారని ఆమెకు తెలుసు. ఆ పేరు పెట్టిందెవరో మాత్రం తెలియదు.

ముప్పై నాలుగేళ్ళ కిందట ఊళ్ళో మొదటి స్టేషను పెట్టినప్పుడు అది పోస్టాఫీసు మేడ మీద రెండు గదులు. గోడలకు పాత కంబళ్ళు మేకులతో కొట్టి, కుళాయి నీళ్ళ వేళలు, తప్పిపోయిన పిల్లల ఆనవాళ్ళు, బస్సుల రాకపోకలు చెప్పేవారు. ఆ ధ్వని కొండ దాటుతుందో లేదో ఎవరికీ తెలియదు. ఒకాయన రేడియో చంకలో పెట్టుకుని కొండ వెనక వీధికి వచ్చి, ఈ ఇంట్లో తీరికగా ఉండేదెవరని అడిగాడు. అమ్మ ఆమె వైపు చూపించింది. అప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్ళు. పని వెతుక్కుంటానని వెళ్ళిన భర్త నుంచి ఒక ఉత్తరం వచ్చింది, రెండోది రాలేదు. “ఇక్కడ వినబడితే ఊరంతా వినబడినట్టేనమ్మా” అన్నాడాయన, రేడియో అలమరలో పెడుతూ.

తర్వాత మిల్లువాళ్ళు ఒక స్టేషను పెట్టారు. తర్వాత కాలేజీవాళ్ళు. అలమరలో మూడు రేడియోలయ్యాయి. పదకొండేళ్ళు మూడింటినీ వంతులవారీగా విన్నది. అన్నం కలుపుతూ ఒకటి, బట్టలు ఆరేస్తూ ఒకటి. మిల్లుకు తాళం పడిన రోజు ఆ స్టేషను పాట సగంలో ఆగిపోయింది. కాలేజీ స్టేషనులో చివరిసారి ఎవరో పిల్ల రేపు ఇదే వేళకి కలుద్దామని చెప్పి వెళ్ళింది. మర్నాడు ఆ వేళకి ఆమె మీట తిప్పుకుని కూర్చుంది. గంటసేపు కూర్చుంది. ఆ రెండు రేడియోల మీద ఇప్పుడు గుడ్డ కప్పి ఉంది.

వెళ్ళిపోవడాలన్నిటికీ ఆమె దగ్గర సమయం ఉంది. అమ్మ చివరి శ్వాస, మధ్యాహ్నం నాలుగు పదిహేడు. తమ్ముడి సామాను లారీ వీధి మలుపు తిరగడం, ఉదయం పది అయిదు. పాత కాగితాల వెనక రాసి పెట్టుకుంది. ఎందుకు రాశావని అడిగేవాళ్ళు ఎవరూ ఇంట్లో లేరు.

మిగిలింది మొదటి స్టేషను ఒక్కటే. అందులో ఉదయం గొంతు ముప్పై ఏళ్ళుగా అతనిదే. అతన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. చూడకూడదని నిబంధన. వినేవాళ్ళకు చదివేవాళ్ళతో పరిచయం ఉంటే తప్పులు దాస్తారని, పరిశీలకులు స్టేషను మెట్లు ఎక్కకూడదని మొదటి రోజే సంతకం పెట్టించుకున్నారు. శనివారం శనివారం బస్టాండులోని రేకు డబ్బాలో కాగితాలు వేస్తే, మరుసటి వారం కార్బన్ కాపీలు తిరిగి వచ్చేవి. ఆమె రాసిన తప్పు పక్కన ‘సంజాయిషీ’ గడిలో అతని చేతిరాత ఉండేది. ‘కాగితం అతుక్కుపోయింది.’ ‘దగ్గు వచ్చింది, మన్నించాలి.’ ఒకసారి వానరోజున గరగర శబ్దమని ఆమె రాస్తే, ‘వాన మీ ఇంటి రేకుల మీద పడి ఉంటుంది, మా దగ్గర ఎండ’ అని రాశాడు. ఆ కాపీ నాలుగు రోజులు తలగడ కింద ఉంది.

నాలుగేళ్ళ కిందట అతను పదకొండు రోజులు రాలేదు. వచ్చాక గొంతు ఒక మెట్టు దిగింది. భార్య పోయిందని ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలిసింది. ‘గొంతులో బరువు’ అని రాసి, రబ్బరుతో తుడిపేసింది. ఇన్నేళ్ళలో ఆమె తుడిపిన మాట అదొక్కటే.

అలాంటి మనిషి ఈ మూడు నెలలుగా నిర్లక్ష్యంగా తయారయ్యాడు. ఏడు యాభై ఎనిమిదికి పాట ముగిశాక, ఎనిమిది గంటల వార్తల దాకా ఖాళీ లేకుండా ఏదో ఒక వాద్యం వేయాలి. దాన్ని ఫిల్లర్ అంటారు. వేయడం లేదు. వారానికి ఒకసారి, కొన్ని వారాల్లో రెండుసార్లు, నిమిషానికి పైగా శుద్ధ మౌనం. ఆమె రాసింది. ‘పొరపాటు నాదే. ఇకమీదట జరగదు’ అని అతను రాశాడు. మళ్ళీ జరిగింది. మళ్ళీ అదే సంజాయిషీ. పైగా స, ష పలకడం స్పష్టంగా లేదని, పళ్ళు చూపించుకోవాలని కూడా ఆమె రెండుసార్లు రాయాల్సి వచ్చింది. అలాగే చూపించుకుంటానని జవాబు వచ్చింది.

కిందటి వారం కాపీలతో పాటు పై ఆఫీసు ఉత్తరం వచ్చింది. పద్దెనిమిది మౌనాలు నమోదైనందున ఈ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి విచారణ. తప్పు రుజువైతే అతన్ని మైకు నుంచి తప్పిస్తారు. అతని సర్వీసు ఇంకా రెండేళ్ళు ఉంది. శుక్రవారం ఉదయం కూడా మౌనం వస్తే, పక్కన ఒక సాక్షిని పెట్టుకుని సంతకం తీసుకోవాలి. ఈ ఒక్కరోజు జాగ్రత్తగా ఉండవయ్యా అని రేడియోతో ఇప్పటికి నాలుగుసార్లు చెప్పింది.

ఇవాళే ఆ శుక్రవారం. ఏడు నలభైకి రేడియో తీసుకుని కింది వాటాలోకి దిగింది. అక్కడ ఉండే దర్జీ ఆవిడ తెల్లవారకముందే మిషను ముందు కూర్చుంటుంది. సంగతి చెబితే, నా సంతకానికి కూడా విలువ వచ్చిందన్నమాట అని నవ్వి, కత్తిరింపు ముక్కలు పక్కకు తోసి రేడియోకి చోటు చేసింది. పాట వస్తున్నంతసేపూ మిషను ఆపలేదు.

పాట ముగిసింది. చెవులమ్మ గడియారం మీద చూపు నిలిపింది. ఐదు సెకన్లు. పది. ఇరవై. నలభై దాకా చూసి పెన్సిలు దర్జీ ఆవిడ వైపు చాపింది.

“పెట్టు చెల్లీ. చూశావుగా, ఆగిపోయింది.”

“ఏం ఆగింది అక్కా?”

“రేడియో.”

“ఎక్కడ ఆగింది? పిల్లనగ్రోవి వస్తుంటేనూ. పాత టేపు తెగిపోయిందట, ఈమధ్య అప్పుడప్పుడూ ఇదే వేస్తున్నారు. సన్నగా, పిట్ట కూసినట్టు. మా ఆయనకి దీన్ని వింటే తలనొప్పి. నాకు మాత్రం కుట్టు చక్కగా సాగుతుంది.”

చెవులమ్మ రేడియోను రెండు చేతులా ఎత్తి చెవికి ఆనించుకుంది. వేళ్ళకు దాని సన్నటి వణుకు తగిలింది. చెవికి ఏమీ తగల్లేదు. రెండో చెవికి మార్చింది. ఆ వణుకు అరచేతుల్లో కాసేపు పైకి వెళ్ళి, కిందికి దిగి, ఆగింది. అప్పుడు అతని గొంతు స్పష్టంగా, జలుబుతో సహా, సమయం ఎనిమిది గంటలని చెప్పింది.

దర్జీ ఆవిడ పెడల్ మీద నుంచి కాలు తీసింది. “ఎన్నాళ్ళ నుంచి అక్కా?” అని మెల్లగా అడిగింది. “నేను ఎవరితో అంటాను గనక. మా అత్తకి వినబడక పదేళ్ళు. ఇప్పటికీ వీధిలో గొడవలన్నీ ముందు ఆవిడకే తెలుస్తాయి.”

పైకి వచ్చి మంచం అంచున కూర్చుంది. చెవి పోతే ఈ పని పోతుంది. పని పోతే ఆ కార్బన్ కాపీలు రావు. ఇన్నేళ్ళలో ఆమెకు జవాబు రాసిన మనిషి అతనొక్కడే. ఇవాళ్టి కాగితంలో ‘సజావుగా ఉంది’ అని రాసి ఊరుకోవచ్చు. దర్జీ ఆవిడ నోరు విప్పదు. పద్దెనిమిదే కదా, మందలించి వదిలేస్తారేమో. అలా అనుకుంటూ చాలాసేపు కూర్చుంది. రేడియో ఎవరి కోసమో మాట్లాడుతూ పోయింది. ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారి ఉదయం ప్రసారం మధ్యలో మీట కట్టేసింది.

కొత్త కాగితం తీసి, తేదీ వేసి, నిలువు గడులన్నిటికీ అడ్డంగా ఇలా రాసింది. ‘పద్దెనిమిది మౌనాలూ పరిశీలకురాలి చెవిలోనివి. సన్నటి ధ్వనులు అందడం లేదు. ప్రసారంలో లోపం లేదు. స, ష కూడా అంతే.’ సంతకం చేసింది. మంచి చీర కట్టుకుని పదిన్నర బస్సు ఎక్కింది.

బస్సు కొండ ఎక్కుతూ మలుపు దగ్గర ఆగింది. ఎదురుగా వస్తున్న పొరుగూరి బస్సుకు దారి ఇవ్వాలి. అది అద్దాలు తాకేంత దగ్గరగా దాటిపోయింది. కిటికీల్లో ముఖాలు ఒకటి వెనక ఒకటి జరిగాయి. అలవాటు కొద్దీ గడియారం చూసుకుంది. పది యాభై రెండు.

స్టేషను ఇప్పుడు మునిసిపాలిటీ వెనక భవనంలో ఉంది. మెట్ల దగ్గర ఒక్క నిమిషం నిలబడి, పక్కగోడ పట్టుకుని ఎక్కింది. డ్యూటీ ఆఫీసరు ముప్పై అయిదేళ్ళవాడు. ఎవరో చెప్పగానే లేచి నిలబడి, “మీరేనా చెవుల...” అని నాలిక కరుచుకున్నాడు. ఆమె కాగితం చేతికిచ్చింది. చదివాడు. మళ్ళీ చదివాడు. కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టాడు.

“మాకు తెలుసమ్మా” అన్నాడు. “ఇక్కడ ప్రసారమంతా ఇంకో టేపు మీద రికార్డవుతుంది. మొదటి మౌనం రాశారు కదా, అప్పుడే తీసి విన్నాం. పిల్లనగ్రోవి శుభ్రంగా ఉంది. టేపు ఉండగా ఎందుకు ఒప్పుకుంటారు, అది కాస్తా పై ఆఫీసుకి పంపిద్దామని నేనే ఆయనతో అన్నాను.”

“పంపలేదా?”

“వద్దన్నారు. ‘ముప్పై ఏళ్ళు నా మాట ఒక్కటి కింద పడకుండా ఏరుకున్న మనిషి. ఆవిడ చెవి తప్పని నా చేత్తో నేను రాయను’ అన్నారు.” అతను బల్ల మీది కాగితాలు అనవసరంగా సర్దాడు. “మీరు రాశారని ఆయన పళ్ళ డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చారు. గట్టిగా ఉన్న పన్ను ఒకటి పీకించుకున్నారు. మేమంతా నవ్వాం.”

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. అతనితో మాట్లాడాలని, విచారణకు ముందే ఈ కాగితం అతని కళ్ళతో చూడాలని అంది.

విచారణ లేదని ఆఫీసరు చెప్పాడు. ఆయన వార్తలు చదివి, తొమ్మిదింటికి తప్పు ఒప్పుకుంటున్నట్టు రాసిచ్చి, ఉద్యోగం వదులుకుని, ఇక్కడి నుంచి పదిన్నర బస్సుకు కొండ దారినే కూతురి ఊరికి వెళ్ళిపోయారు. ఎవరినీ తోడు రానివ్వలేదు, సంచి ఒక్కటే. ఎలాగూ వచ్చే సోమవారం నుంచి ఇక్కడ ప్రసారమే ఉండదు. పెద్ద స్టేషను నుంచే వస్తుంది. అక్కడి మాటలు వినడానికి ఇక్కడ మనిషి అక్కర్లేదు. ఆ సంగతి ఆమెకు ఎలా రాయాలా అని వారం రోజులుగా చూస్తున్నానని కూడా, తల పైకెత్తకుండా, చెప్పాడు.

పది యాభై రెండు అనుకుంది ఆమె. కిటికీల్లో ముఖాలు గుర్తు తెచ్చుకోబోయింది. కానీ అతని ముఖం ఎలా ఉంటుందో తెలియదు.

“అయినా ఇది ఫైల్లో పెట్టండి” అంది. “ముద్ర వేసి, టైము వెయ్యండి. అతని కాగితం పైన ఉండాలి.” ఆఫీసరు ముద్ర వేశాడు. ఆమె కోరినట్టే నిమిషాలతో సహా రాసి, అతని రాజీనామా మీద పెట్టి దారం ముడి వేశాడు. ముడి బిగిసిందో లేదో ఆమె తనే లాగి చూసింది.

వెళ్ళడానికి లేచి, చదివే గది ఎటువైపని అడిగింది. అడిగి, పరిశీలకులు వెళ్ళకూడదు కదా అని తనే అంది. ఆఫీసరు తాళాల గుత్తి తీశాడు.

చిన్న గది. గోడలకు కంబళ్ళ స్థానంలో చిల్లుల అట్టలు ఉన్నాయి. ఒక బల్ల, ఒక కుర్చీ, మెడ వంచిన మైకు. ఆమె ఊహించుకున్న గదిలో కిటికీ ఉండేది. దీనికి లేదు. లోపల నిలబడితే రెండు చెవులకూ ఏమీ వినిపించలేదు. అది గది లక్షణమో తనదో తెలియక ఆఫీసరు వైపు చూసింది. అతను గుమ్మం పక్కన నేల వైపు చూస్తున్నాడు.

“అవి మరిచిపోయారు” అన్నాడు. “అడుగు చప్పుడు మైకులో పడకూడదని పాత దుప్పటి ముక్కలతో తనే కుట్టుకున్నారు. బయట చెప్పులు విడిచి ఇవి వేసుకుంటే గాని లోపలికి వచ్చేవారు కాదు. చెవులమ్మ వింటుందయ్యా అనేవారు.”

ఆమె వంగి చూసింది. బూడిద రంగు గుడ్డ చెప్పుల జత, మొనలు గదిలోకి తిరిగి, ఎడమదాని మడమ దగ్గర నల్లదారంతో వేసిన మూడు అతుకులతో, గోడకు ఆనుకుని ఉంది.