నవ్వితే జారే మోకాళ్లు

నవ్వొస్తే మోకాళ్లు జారిపోతున్నాయని ఉరుకుందమ్మ మొదట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పినా నమ్మేదెవరు? గోనెగండ్లలో నడుములు పట్టేసినవాళ్లున్నారు, కీళ్లు అరిగినవాళ్లున్నారు, నవ్వి కూలబడేవాళ్లు మాత్రం లేరు.

అంతకుముందే నిద్ర మొదలైంది. పొద్దున లేస్తూనే రాత్రంతా రాళ్లు మోసినట్టు ఒళ్లు బరువుగా ఉండేది. పత్తి చేలకు కూలివాళ్లను తీసుకుపోయే ఆటో ఎక్కగానే పక్కన కూర్చున్న తోటి కూలి సరస్వతి భుజం మీద తల వాల్చేసేది. సాలులో నిలబడి పత్తి తీస్తూ తీస్తూనే కళ్లు మూతపడేవి. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయేవి. తెరిచి చూస్తే ఒడిలో పత్తితో పాటు ఎండుటాకులు, పుల్లలు. ముప్పై ఏళ్లు నిండని మనిషికి ఇదేం సోమరితనమని అందరూ తిట్టారు. ఆమె తనను తాను అందరికంటే ఎక్కువగా తిట్టుకుంది.

మొగుడు కాశప్ప ఎమ్మిగనూరు మార్కెట్టులో హమాలీ. అతను నోరు తెరిస్తే ఎదుటివాళ్లు కడుపు పట్టుకోవాల్సిందే. పెళ్లిచూపుల్లో అతనేదో అంటే, చేతిలో ఉన్న పళ్లెంలోంచి బొరుగులు ఒలికిపోయేటట్టు నవ్వింది ఉరుకుందమ్మ. ఆ నవ్వు కోసమే చేసుకున్నానని ఇప్పటికీ చెప్తాడు.

ఒకరోజు వాకిట్లో అతను పత్తి కూలీల మేస్త్రీ నడక నడిచి చూపిస్తుంటే, నవ్వుతూ నవ్వుతూ ఆమె బిందెతో సహా పడిపోయింది. రెప్పలు వాలిపోయాయి, నోరు పెగల్లేదు. చెవులు మాత్రం అన్నీ విన్నాయి. మూర్ఛ, మూర్ఛ అంటూ ఎవరో చేతిలో తాళంచెవులు పెట్టారు. కాసేపటికి తనే లేచి కూర్చుంది.

ఊళ్లో డాక్టరు ఫిట్స్ మాత్రలిచ్చాడు. వాటితో నిద్ర మరింత ముదిరింది. ఆమెకు పెట్టింది ఆ దేవుడి పేరే కదా అని ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుని వచ్చారు. సరస్వతితో ఏదో మాట్లాడి నవ్వుతూ చేలో కూడా పడిపోయేసరికి మేస్త్రీ శివశంకర్ పనికి రావద్దన్నాడు.

"నా కాడ పడి ఏమన్నా అయితే ఎవురికి జవాబు సెప్పల్ల? కొన్నాళ్లు ఇంటికాడే ఉండు తల్లీ."

ఒక సాయంత్రం కాశప్ప మాటకు నవ్వి పొయ్యి పక్కనే ఒరిగిపోయింది. ముంజేయి కాలింది. ఆ రోజు నుంచి అతను ఇంట్లో హాస్యమాడడం మానేశాడు. ఉప్పు ఉందా, బియ్యం ఉన్నాయా, అంతే. వీధి మలుపు దాకా అతని గొంతూ, పక్కవాళ్ల నవ్వులూ వినిపించేవి. గడప తొక్కేసరికి ఎవరో పోయిన ఇంట్లోకి వచ్చినట్టు వచ్చేవాడు.

"నాతో మాట్లాడేకి గూడా బయమా నీకు?" అంది ఆమె ఒకనాడు.

"బయం గాక? నీ సెయ్యి సూసుకో."

ఆమెకు తగువు పెట్టుకునే ఓపిక కూడా లేదు. గోడకు ఆనుకుని నిద్రపోయింది.

ఆదోనికి నరాల డాక్టరమ్మ వస్తోందని సరస్వతే కనుక్కొచ్చింది. కాశప్ప ఆమెను తీసుకుపోయాడు. డాక్టర్ అక్షత మంత్రాలయం పిల్ల. చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నది. అంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న అడిగింది.

"నవ్వు వచ్చినప్పుడే పడతావా అమ్మా?"

ఉరుకుందమ్మకు ఏడుపొచ్చింది. తలూపింది.

"చూడాలి. ఏమన్నా చెప్పి నవ్వించప్పా," అంది డాక్టరు కాశప్పతో.

కాశప్ప బిత్తరపోయాడు. చివరికి తల గోక్కుంటూ పెళ్లాంతో అన్నాడు.

"ఇందాక బయట నర్సమ్మ పేరడిగితే కాశప్ప అంటిని. బీపీ సూసింది, బరువు సూసింది. ఉప్పు తగ్గియ్, బీడీ మానుకో అని బాగా తిట్టింది. అంతా అయినాంక గుర్తొచ్చింది, జబ్బు నాకు గాదని. నీకు సెప్పల్యా, యాడ నవ్వుతావో అని."

ఉరుకుందమ్మ నవ్వింది. దవడ జారింది, తల ముందుకు వాలింది, కుర్చీలోంచి ఒరుగుతుంటే కాశప్ప పట్టుకున్నాడు. డాక్టరు రబ్బరు సుత్తితో మోకాలి కింద తట్టింది. కాలు కదల్లేదు. కాసేపటికి ఆమె తేరుకున్నాక మళ్లీ తట్టింది. కాలు ఎగిరింది.

"ఇది మూర్ఛ కాదు," అంది డాక్టరు. "మెడకు పైన, మెదడుకు కాండం లాంటి భాగం ఉంటుంది. అందులో చిన్న నీలి చుక్క. అక్కడి కణాలు నోరెపినెఫ్రిన్ అనే రసాయనాన్ని మెదడంతటికీ పంపుతుంటాయి. మెలకువకూ, ఒంట్లో బిగువుకూ అదొక ఊతం. కలలొచ్చే నిద్రలో ఆ చుక్క ఊరుకుంటుంది, ఒళ్లు వదులైపోతుంది. నీకు మేలుకుని ఉండగానే, నవ్వొస్తే ఊరుకుంటోంది. దాన్ని తట్టి లేపే ఇంకో రసాయనం నీలో తగ్గిపోయింది."

"నేను సోంబేరిని గాదా అమ్మా?"

"కాదు."

ఆ ఒక్క మాటతో ఆమెకు ఒంటి మీది బరువు దిగినట్టయింది.

పూర్తిగా నయం కాదని కూడా డాక్టరు దాచకుండా చెప్పింది. ఫిట్స్ మాత్రలు మెల్లగా తగ్గించి ఆపించింది. కొత్త మాత్రలు ఆ రసాయనాన్ని తొందరగా ఇంకిపోనివ్వవనీ, వాటిని ఉన్నట్టుండి మానకూడదనీ, మధ్యాహ్నం కాసేపు పడుకోవాలనీ చెప్పింది. మొదట్లో కడుపులో తిప్పింది, నోరెండిపోయింది. తర్వాత పడడం తగ్గింది. నవ్వితే మెడ వాలేది, అంతకుమించి కాదు. నిద్ర మాత్రం సగమే తగ్గింది.

కాశప్ప ఒక్కసారిగా మారలేదు. ఏదో చెప్పబోయి మింగేసేవాడు. ఒకనాడు ఆమే చాప మీద చతికిలబడి, "ఊఁ, కూచున్నా, ఇంగ సెప్పు," అంది. అతను పొయ్యి వైపు చూసి, అది ఆరిపోయి ఉందని రూఢి చేసుకుని, మార్కెట్టు కబురు మొదలుపెట్టాడు.

సరస్వతి పోరు పడలేక మేస్త్రీ ఆమెను మళ్లీ పనికి రానిచ్చాడు. మధ్యాహ్నం అందరూ సద్ది తింటుంటే ఆమె ఆటోలో వెనక సీటు మీద పడుకుంటుంది. సాలులో ఎవరైనా నవ్వించారంటే తల ముందుకు వాలుతుంది. అప్పుడు సరస్వతి, చెప్తున్న మాట ఆపకుండానే, ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టి కాసేపు పట్టుకుంటుంది.