నీళ్ళు నమిలే మనిషి

రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కగానే నీళ్ళు శుద్ధిచేసే మిషను గొట్టం గుడ్డుపెంకులా చిట్లింది. ఫిట్టర్‌కి ఆశ్చర్యం కలగలేదు. నిరుడు తన చేత్తో బిగించినదే. అప్పుడు మెత్తగా, తెల్లగా ఉండేది. ఇప్పుడు ముసలివాడి గోరులా పచ్చబడి పొడి రాలుతోంది.

"నీళ్ళు అదోలా వాసనొస్తున్నాయన్నా," అంది ఇంటావిడ. కుట్టుమిషను దగ్గర్నుంచి లేచి వచ్చింది, భుజమ్మీద దారప్పోగులు. "మా ఆయనకి అసలే ఒంట్లో బాగోదు. తాగొచ్చా?"

అతను నీళ్ళు నమిలాడు.

నీళ్ళలో క్రిముల్ని చంపే అల్ట్రావయొలెట్ దీపం ప్లాస్టిక్కునీ వదలదు. అందుకే దీపమున్న డబ్బాకి అటూ ఇటూ జానెడేసి స్టీలు గొట్టం ఉండాలి. ఆ తరవాతే ప్లాస్టిక్కు, అదీ తాగునీటికి పనికొచ్చే రకం. షాపు తోడల్లుడిది. అతను స్టీలు మానేసి చవక గొట్టం తెప్పించిన రోజు "ఇది ఆగదేమో అన్నయ్యా" అన్నాడు ఫిట్టర్. "నువ్వు బిగించు. ఆగేదీ ఆగనిదీ నే చూసుకుంటా." బిగించాడు. ఎన్ని ఇళ్ళలోనో.

బతుకంతా అంతే. అత్తవారింట్లో పెద్దల్లుడికి కుర్చీ వేస్తే, తను గుమ్మంలో నిలబడేవాడు. 'మా ఆయనకి నోరుందని పెళ్ళిచూపుల్లో తెలిసింది, మళ్ళీ వినలేదు' అని భార్య నవ్వేది. ఈమధ్య నవ్వడం మానేసింది.

"తాగకమ్మా," అన్నాడు చివరికి. "తెలిసే పెట్టాను. తప్పు నాదే."

ఆమె తిట్టలేదు. గదిలో దగ్గుతున్న భర్త వైపు చూసింది.

షాపుకి వచ్చి స్టీలు ముక్కలు అడిగాడు. తోడల్లుడు ఫోనులోంచి తలెత్తలేదు.

"ఒకరికి మారిస్తే ఊరంతా మార్చమంటారు. మళ్ళీ ఆ గొట్టమే వేసిరా, పో."

కొనేవాళ్ళకి చూపించడానికి బల్లమీద ఒక మిషను ఉంది. దానికి మాత్రం స్టీలే. ఫిట్టర్ స్పానరు తీశాడు. తోడల్లుడి ఎదుటే రెండు ముక్కలూ విప్పాడు.

"ఏయ్, మతిపోయిందా? అవి పట్టుకుని గడప దాటావంటే మళ్ళీ ఈ మెట్లెక్కకు!"

"మిగతా ఇళ్ళక్కూడా, అన్నయ్యా..." అన్నాడు. బయటికి నడిచాడు.

దర్జీ ఆవిడ ఇంట్లో మోకాళ్ళమీద కూచుని స్టీలు ముక్కలు బిగిస్తుండగా భార్య ఫోను.

"మా అక్క చెప్పింది. ఇన్నాళ్ళకి నోరు తెరిచావు, అదీ అన్నం పెట్టే చోటా?"

జవాబు వినకుండానే పెట్టేసింది. ఫిట్టర్ మరలు మరోసారి బిగించాడు, నీళ్ళు వదిలి చూశాడు. ఎక్కడా కారలేదు. తడిసిన కళ్ళజోడు తీసి కుళాయి వెనక పెట్టాడు.

"కాస్త ఆయాసంగా ఉందమ్మా. కూచుంటాను," అని వంటగది గోడకి చేరగిలబడ్డాడు.

ఆమె చేతిలో ఉన్న అంచు కుట్టడం పూర్తిచేసి, గ్లాసుతో నీళ్ళు పట్టి తెచ్చింది. గడ్డం ఛాతీకి ఆన్చి అలాగే కూచుని ఉన్నాడు. "అన్నా" అని పిలిచింది. భుజం తట్టింది. గ్లాసు నేలమీద పెట్టి భర్తని కేకేసింది.

తోడల్లుడు వచ్చి "నా కుడిభుజం పోయింది" అని ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. కార్యం కాగానే షాపు తెరిచాడు; ఇంకో ఫిట్టర్‌ని పెట్టుకున్నాడు. మిగతా ఇళ్ళవాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఫిట్టర్ భార్య దర్జీ ఆవిడ ఇంటికి వచ్చి పనిముట్ల సంచీ పట్టుకెళ్ళింది. కుళాయి వెనక ఉండిపోయిన కళ్ళజోడు ఎవరి కంటా పడలేదు. విరిగిన కాడకి చుట్టిన తెల్లటేపు తడిసి ఊడుతోంది, ఒక అద్దం మీద అతని బొటనవేలి మరక.