గోడ అవతల బిందె

రూతమ్మ వీధికుళాయి కింద నుంచి ఇత్తడి బిందె ఎత్తి ఎడమ చంకన పెట్టుకుంది. బరువుకి ఒళ్ళు కుడివైపుకి ఒరిగింది. బందరులో ఆమె పనిచేసే ఆడపిల్లల హాస్టలు బోరునీళ్ళు ఒట్టి ఉప్పు, నోట్లో పోసుకోలేరు. పిల్లలు తాగే ప్రతి చుక్కా వీధి చివరి నుంచి ఈవిడ చంకెక్కి రావాల్సిందే.

ఆ చంకనే ఒకప్పుడు రెండేళ్ళ కూతుర్ని మోసింది. దివిసీమ ఉప్పెన రాత్రి తుమ్మచెట్టుని వాటేసుకుని వేలాడుతుంటే, పిల్ల అక్కణ్ణించే జారిపోయింది. ఆ సంగతి హాస్టల్లో పెద్దవాళ్ళందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. బందరొచ్చి ఈ బిందె ఎత్తుకున్నాక ఆమె మరో పని ఎరగదు.

ఇవాళ హాస్టల్లోకే మంచినీళ్ళ గొట్టం వేస్తున్నారు. పొద్దుటి నుంచీ ఒకటే సుత్తిదెబ్బలు. నీళ్ళు లోపలికొచ్చేస్తే ఇక నేనెందుకు వీళ్ళకి అని రూతమ్మ బెంగ.

లోపల ఆనందరావు మాస్టారు సైన్సు చెబుతున్నారు. ఆయన పాఠం మొదలెడితే ఆపడం ఎవరి తరమూ కాదు.

"మన సూర్యుడిలాంటి ఇంకో నక్షత్రం చుట్టూ ఓ పేద్ద గ్రహం తిరుగుతోందిట! మన గురుగ్రహం లాంటిది. మొన్ననే మొట్టమొదటిసారి కనిపెట్టారర్రా!"

"కనపడిందాండీ?" అంది ప్రసన్నలక్ష్మి.

"అబ్బే, కనపడలేదు. నక్షత్రం అటూ ఇటూ ఊగుతోంది. ఊగుతోందంటే పక్కన ఏదో బరువు లాగుతోందన్నమాట." ఆయన కిటికీలోంచి చెయ్యి చూపించారు. ప్రహరీగోడ మీదుగా రూతమ్మ తలా భుజాలూ మాత్రమే కనిపిస్తున్నాయి. "చెప్పండి, బిందె ఉందా, లేదా?"

"ఉందండీ! నిండుగా ఉంది. ఒరిగి నడుస్తోందిగా!"

"అదీ సంగతి!"

పిల్లలు పకపకా నవ్వారు. గేటులోకొస్తూ రూతమ్మా నవ్వింది. "నా మీద పాఠాలేంటండీ మాస్టారూ, చోద్యం కాకపోతే!"

మధ్యాహ్నం వరండాలో కొత్త కుళాయి తిప్పారు. నీళ్ళు దబదబా పడ్డాయి. వార్డెన్ కృపాకుమారిగారు రూతమ్మని పిలిచారు.

"గదులు ఊడుస్తానండీ, అంట్లు తోముతాను. నన్ను పంపెయ్యకండి అమ్మగారూ."

"నా చేతుల్లో ఏముంది రూతమ్మా? ఎంత చెప్పినా కమిటీవాళ్ళు ఒప్పుకోలేదు." ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. "ఆ బిందైనా తీసుకెళ్ళు."

"వద్దండీ. పిల్లల నీళ్ళ బిందె, పిల్లల దగ్గరే ఉండనివ్వండి."

కొంగు నోట్లో కుక్కుకుని వరండా దిగింది.

సాయంత్రం చదువు వేళ పిల్లలంతా కిటికీ దగ్గర మూగారు. గోడ మీదుగా రూతమ్మ తలా భుజాలూ వెళ్తున్నాయి, కుడివైపుకి ఒరిగి.

"మాస్టారూ, రూతమ్మ బిందె పట్టుకెళ్ళిపోతోందండీ," అంది ప్రసన్నలక్ష్మి. "నిండుగా ఉంది."

ఆనందరావు మాస్టారు వరండా వైపు తిరిగి చూశారు.

కొత్త కుళాయి పక్కన ఇత్తడి బిందె బోర్లించి ఉంది, ఆమె నడుముకి రాసుకునే వైపు మాత్రం తళతళలాడుతూ.