ఆడపిల్లల సైజు లేదు

మానుకోట గ్రౌండులో పోలీసు ఉద్యోగం కోసం పరుగు సాధన చేసే అమ్మాయిల్లో కవిత మొదట్లో అందరికన్నా ముందుండేది. ఎండలు ముదిరాక వెనకబడింది. కాళ్లలో బలం తగ్గి కాదు. రెండో రౌండుకే చెమటకు లోపలి బట్ట తడిసి ముద్దయ్యేది. అంచు రబ్బరు పైకి చుట్టుకుపోయేది. తొడలు ఒకదానికొకటి ఒరుసుకుని నిప్పు రాజేసినట్టు మండేవి. కురవి దగ్గరి తండాలో ఇంటికి చేరి నీళ్లు పోసుకుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. తల్లి తుల్సీబాయి కొబ్బరినూనె చేతికిచ్చి, "కాటన్‌వే ఏసుకో బిడ్డా, ఒంటికి మంచిగుంటయ్" అనేది. కవిత వేసుకునేవి కాటన్‌వే.

ఒకరోజు కాళ్లు ఎడంగా వేసి పరుగెత్తుతుంటే కోచ్ ఐలేశ్ విజిల్ తీసి అందరి ముందూ అరిచాడు.

"ఏందే కవితా, బాతు లెక్క నడుస్తున్నవ్? ఆ రజిత గూడ గిట్లనే వేషాలేసి మానేసింది. నువ్వు గూడ మిరపకాయ ఏరబోతవా?"

మగపిల్లలు నవ్వారు. కవిత చెంపలు వేడెక్కాయి. రజిత ఆమె స్నేహితురాలు, పక్క తండా పిల్ల. నెల కిందట ఉన్నట్టుండి మానేసింది. ఎందుకని అడిగితే ఒంట్లో బాగాలేదని మాట దాటేసింది.

ఆ సాయంత్రం కవిత నేరుగా వాళ్లింటికి వెళ్లింది. రజిత మిరపతోట నుంచి వచ్చి చేతులు కడుక్కుంటోంది.

"నిజం చెప్పు. ఎందుకు బంద్ వెట్టినవ్?"

రజిత చేతులు తుడుచుకుని కవితను మంచం మీద కూర్చోబెట్టింది. "తొడలు ఒర్సుకపోయి పుండ్లయినయే. నడవనీకె గూడ రాకపాయె. సార్‌కు ఏమని చెప్పాలె?"

"నాకు గూడ అదే బాధ."

"మా అన్నకైతే ఏం గాలే," అంది రజిత. ఆమె అన్న సురేందర్ అదే గ్రౌండులో పరుగెత్తుతాడు. "తొడల దాక వచ్చే బిగువు చెడ్డీ ఏస్తడు. మొదటిరోజే సార్ మొగపిల్లలందర్ని పక్కకు పిల్చి, గసోంటివి కొనుక్కోండ్రి, లేకుంటే ఒర్సుకపోతదని చెప్పిండంట."

కవిత మంచం మీంచి లేచి నిలబడింది. "అంటే సార్‌కు ఎరుకేనా?"

"ఎరుకే. నేను మానేసినంక అన్న చెప్పిండు," అంది రజిత. ఇన్నాళ్లూ తన ఒంట్లోనే ఏదో లోపముందనుకున్న కవితకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు బజారులో భిక్షపతి సేటు బట్టల దుకాణానికి వెళ్లింది. బయట బొమ్మకు తొడిగిన నల్ల రన్నింగ్ చెడ్డీని చూపించి, ఆడపిల్లల సైజు కావాలంది. సేటు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఆడోళ్ల సైజు రాదమ్మా. మీకెందుకు గసోంటివి?"

"అయితే గదే ఇయ్యి. చిన్న సైజుది."

"మొగోళ్లది నీకు ఎట్ల ఇయ్యాలె? నలుగురు ఏమనుకుంటరు?"

"ఒర్సుకపోయేది నా తొడలు సేటూ, నలుగురియి గాదు!"

దుకాణంలో చీరలు చూస్తున్నవాళ్లు తలెత్తారు. వెనక గల్లాపెట్టె దగ్గర కూర్చున్న సేటు కోడలు వాసవి లేచి వచ్చింది. మామను ఒక్క మాట కూడా అడగకుండా చెడ్డీల డబ్బా తెరిచి అన్నిటికన్నా చిన్నది తీసింది.

"కుట్టు చూడు చెల్లే, చదునుగ ఉంటది, గీరుకోదు. కాటన్ లెక్క చెమట పట్టి ఉంచదు, జల్ది ఆరుతది. ఒంటికి అతుక్కోని ఉంటది గని పైకి ఎక్కదు. తొడకు తొడ తాకదు." తర్వాత మామ వైపు తిరిగి, "ఆడోళ్ల సైజులు గూడ తెప్పిస్త మామయ్యా. మొగోళ్లయి బొమ్మకు తొడిగి రోడ్డు మీద పెడ్తిమి, దానికి లేని సిగ్గు దీనికెందుకు?" అంది.

సేటు చీరలు చూసేవాళ్ల వైపు తిరిగాడు.

పుండ్లు మానాక కవిత దాన్ని వేసుకుని పరుగెత్తింది. రెండో రౌండు పూర్తయినా మంట పుట్టలేదు. చెమట పట్టింది గాని బట్ట బరువెక్కలేదు, జరగలేదు. పరుగు మధ్యలో బట్ట సర్దుకోవాలన్న ఆలోచనే రాలేదు. అందరికన్నా ముందు గీత దాటింది.

ఐలేశ్ చప్పట్లు కొట్టాడు. "చూసినవా! ఇన్నాళ్లు ఒళ్లు దాసుకున్నవ్."

"ఒళ్లు దాసుకోలే సార్. తొడలు పుండ్లయినయ్. మొగపిల్లలకు మొదటిరోజే చెప్పినవంట. మాకెందుకు చెప్పలే?"

ఐలేశ్ గొంతు తగ్గించాడు. "ఆడపిల్లలకు లోపలి బట్టల ముచ్చట ఎట్ల చెప్తనే? సిగ్గుగాదా?"

"బాతు లెక్క నడుస్తున్నవని అందరి ముంగట అననీకె సిగ్గు గాలే?"

వెనక నిలబడ్డ అమ్మాయిల్లో ఒకతె "నాక్కూడ పుండ్లయినయ్ సార్" అంది. తర్వాత ఇంకొకతె. ఐలేశ్ విజిల్ జేబులో వేసుకుని ఆ రోజుకు చాలని వెళ్లిపోయాడు.

కవిత పట్టుబట్టి రజితను మళ్లీ గ్రౌండుకు తీసుకొచ్చింది. కానీ నెలకు పైగా సాధన పోయింది. పరీక్షనాడు కవిత గట్టెక్కింది. రజిత మాత్రం గీతకు నాలుగడుగుల దూరంలో ఉండగా టైమయిపోయింది. బస్సులో వస్తుంటే, "మళ్ల నోటిఫికేషన్ ఎప్పుడు పడ్తదో" అని కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. కవిత ఆమె చేయి గట్టిగా పట్టుకుంది. తన గెలుపు గురించి ఆ దారిలో ఒక్క మాటా ఎత్తలేదు.

రెండు రోజులకు ఐలేశ్ ఫోన్ చేశాడు. "ఫొటో పంపు కవితా. మన గ్రౌండు తరఫున ఫ్లెక్సీ కొట్టిస్తున్న. నీదే పెద్దగ ఏపిస్త."

"రజితది గూడ ఏయి సార్," అంది కవిత. "ఆమె పరుగుల ఎందుకు తప్పిందో కింద రాయి. రాస్తనంటేనే నాది పంపుత."

అవతల ఐలేశ్ ఏదో నసిగాడు. అతను పూర్తి చేసేదాకా ఆగకుండా ఆమె ఫోన్ పెట్టేసింది. ఆ ఫ్లెక్సీలో కవిత ఫొటో రాలేదు.