ఒంటి చేత్తో నిలబెట్టే గొడుగు

ఇంగ్లండులో ట్రెంట్ నది ఒడ్డున గాలాల దుకాణం నడిపేవాళ్లకి జూన్ పదహారే పెద్ద పండగ. మూడు నెలల నిషేధం తీరి నదిలో మళ్లీ గాలం వేయనిచ్చేది ఆ రోజే. దానికి ముందు రెండు వారాలూ నాకు ఊపిరి సలపదు. అలాంటప్పుడు కొట్లో ఉన్న గొడుగులన్నీ, అంటే నది ఒడ్డున వానకి కింద కూర్చునే గొడుగు గుడారాలన్నీ విప్పించి, ఒక్కటీ కొనకుండా పోయేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. గోర్డన్ సరిగ్గా ఆ పనే చేశాడు.

మా నాన్న కాలం నుంచి మా కొట్టుకి వస్తున్న మనిషి. రైల్వేలో సిగ్నళ్ల పని చేసి రిటైరయ్యాడు. డెబ్బై ఎనిమిదేళ్లుంటాయి. అతని పాత గొడుగు గుడారం నిలబడాలంటే ఆరు మేకులు దిగ్గొట్టి, నాలుగు తాళ్లు లాగి కట్టాలి. 

"తేలికదీ, చిటికెలో లేచేదీ కావాలి తల్లీ," అన్నాడు.

మొదట పెద్దది చూపించాను. "ఇందులో మంచం వేసుకుని కాపురం చెయ్యొచ్చు," అని ఊరించాను. ఏడు కిలోల బరువు. కుడిచేత్తో ఎత్తి చూసి దించేశాడు. తర్వాత స్ప్రింగుది తీశాను. విసిరితే చాలు, దానంతటదే తెరుచుకుంటుంది. ఆ ఊపుకి బెండ్లు వేలాడదీసిన స్టాండు కిందపడింది. మళ్లీ మడవబోతే నాకు చెమటలు పట్టాయి. అతనేమో ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుని, ఒక్క కుడిచేత్తోనే దాంతో కుస్తీ పడుతున్నాడు.

"ఏం గోర్డన్, రెండో చెయ్యి ఇంట్లో మర్చిపోయొచ్చావా?"

"ఆ చెయ్యి ఖాళీ ఉండదు తల్లీ."

అర్థం కాలేదు. అడిగే ఓపికా లేదు. ఎర పురుగుల ఫ్రిజ్ దగ్గర నలుగురు నిలబడి డబ్బాల కోసం గోల చేస్తున్నారు. గోర్డన్ గడియారం చూసుకున్నాడు. భార్య ఏవ్రిల్ పక్క వీధిలో జుట్టు చేయించుకుంటోందట, టైమైపోయిందట. గబగబా వెళ్లిపోయాడు.

మరుసటి బుధవారం, ఏవ్రిల్ జుట్టు చేయించుకునే వేళకే, మళ్లీ వచ్చాడు. మళ్లీ అన్నీ విప్పించాడు, మళ్లీ ఒంటి చేత్తోనే. నేనిక ఉండబట్టలేకపోయాను.

"ఇది దుకాణం గోర్డన్, సర్కస్ కాదు. రెండు చేతులూ పెట్టి చూడు, లేదంటే నన్ను వదిలెయ్!"

అతను గొడుగు కింద పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు.

"పోయినేడు నది తెరిచిన రోజు మేకులు కొడుతున్నాను. అర నిమిషం కూడా కాలేదు. తలెత్తేసరికి ఏవ్రిల్ మోకాలి లోతు నీళ్లలో ఉంది. ఎక్కడికే అంటే, అటొడ్డు నుంచి వాళ్లమ్మ పిలుస్తోందంది. వాళ్లమ్మ పోయి ముప్పై ఏళ్లు. చెయ్యి పట్టుకుంటే కదలదు. కానీ నా చెయ్యే కావాలి. నర్సు పట్టుకున్నా, సొంత చెల్లెలు పట్టుకున్నా విదిలించేస్తుంది. వానలో తడిస్తే చిన్నపిల్లలా ఏడుస్తుంది. అందుకే ఒంటి చేత్తో లేచేది వెతుకుతున్నా."

"ఇంటిపట్టునే ఉండకూడదూ?"

"ఇంట్లో గోడల్ని చూసినా భయమే దానికి. నేనెవర్నో తెలీదు. నది ఒడ్డున కూర్చుంటే మాత్రం ఏవ్రిల్‌లాగే ఉంటుంది. పేరు పెట్టి పిలుస్తుంది, వెక్కిరిస్తుంది. అందరూ వృద్ధుల హోంలో పెట్టెయ్యమంటున్నారు. పెట్టేస్తే నన్ను పేరు పెట్టి పిలిచేదెవరు?"

నాలుక్కరుచుకున్నాను. ఆ రోజంతా నామీద నాకే అసహ్యమేసింది.

సాయంత్రం కొట్టు మూశాక గోదాములో ఉన్నవన్నీ నేనే ఒంటి చేత్తో నిలబెట్టి చూశాను. చివరికొకటి దొరికింది. మూడున్నర కిలోలు. నేలమీద ఒరగబెట్టి, నడిమి పిడిని బూటుకి ఆనించి తోస్తే ఊచలన్నీ విచ్చుకుని టక్కున బిగుసుకుంటాయి. దాని మేకులు తీసేసి, మడమతో తొక్కితే దిగే వెడల్పు తల మేకులు వేశాను.

మూడో బుధవారం మా పెరట్లో సాధన చేశాం. ఏవ్రిల్‌కి బదులు నా చెయ్యి పట్టుకోమన్నాను. ఆమెలాగే మధ్యలో చెయ్యి లాగాను, అటూ ఇటూ నడిచాను. గోర్డన్ వదల్లేదు. పదోసారికి పంతొమ్మిది సెకన్లలో గొడుగు నిలబెట్టాడు.

"ఇంక హోం వాళ్లని వేరే బేరం చూసుకోమను," అన్నాను. అతను నవ్వాడు.

పదహారో తేదీ పొద్దున్నే కొట్టు మా ఆయనకి అప్పగించి నేనూ నదికి వెళ్లాను. చూడకుండా ఉండలేకపోయాను. ఏవ్రిల్ నీలం కోటు వేసుకుని కుర్చీలో కూర్చుంది. ఒక చెయ్యి గోర్డన్ చేతిలో ఉంది, రెండో చేతిలో గుడ్డు శాండ్‌విచ్.

"వీడితో ఏభై ఏళ్లుగా వస్తున్నానమ్మా," అంది నాతో. "వీడికి జలుబు పడుతుందే గానీ చేప పడదు. అవునా గోర్డన్?"

"అవునే, అవును," అన్నాడతను. ఆ ముసలి మొహం పెళ్లికొడుకు మొహంలా వెలిగిపోయింది.

పది గంటలకి మబ్బు పట్టి, ఉన్నట్టుండి వాన మొదలైంది. గోర్డన్ తొణకలేదు. ఏవ్రిల్ చెయ్యి వదలకుండానే గొడుగు ఒరగబెట్టాడు, పిడి తోశాడు, మేకులు తొక్కాడు. నేను లెక్కపెడుతూనే ఉన్నాను. ఇరవై కూడా దాటలేదు. నేను చప్పట్లు కొట్టాను. ఏవ్రిల్ మీద నాలుగు చినుకులు పడ్డాయేమో, అంతే. ముగ్గురం ఇరుకిరుగ్గా లోపల సర్దుకున్నాం. గోర్డన్ ఫ్లాస్కు మూత తియ్యమని నాకు అందించాడు.

అప్పుడు ఏవ్రిల్ తన చేతి వంక చూసుకుంది. ఆ చేతిని పట్టుకున్న చేతిని చూసింది. ఆ తర్వాత గోర్డన్ మొహంలోకి చూసింది.

"ఏమండీ, మీరు చాలా మంచివారు. వానకి చోటిచ్చారు," అంది ఎంతో మర్యాదగా. "కానీ చెయ్యి వదలండి. మావారు వచ్చే వేళైంది. చూస్తే బాగోదు."

వదలకు గోర్డన్ అని అరవాలనిపించింది. కానీ ఏం చెప్తాడు? నేనే నీ మొగుడినంటే ఆమె బెదిరిపోతుంది. గోర్డన్ మెల్లగా ఒక్కో వేలూ విప్పి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లేచి బయటికి వెళ్లాడు. గొడుగుకీ నీళ్లకీ మధ్యలో, తడి గడ్డి మీద, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

"లోపలికి రా గోర్డన్, తడిసిపోతున్నావు," అన్నాను. నాకు ఏడుపు ఆగడం లేదు.

"వద్దు తల్లీ. ఆవిడకి ఇబ్బంది."

ఏవ్రిల్ మెడ సాచి ఒడ్డు వెంట అటూ ఇటూ చూసింది. "ఎప్పుడూ ఆలస్యమే మా ఆయన," అంది.

"వస్తారమ్మా," అన్నాడు గోర్డన్, వెనక్కి తిరక్కుండానే. "ఆయన వచ్చేదాకా నేనిక్కడే కాపలా ఉంటాను."