ఎవరి పూల తేనె

పెద్దకోడలికి తీపి పెద్దగా పడదని ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే ఆ ఉదయం అత్తగారు తేనెసీసా ఒళ్ళో పెట్టుకుని, చెంచా నాకుతూ, "నువ్వూ కాస్త నోట్లో వేసుకోవే, అమృతంలా ఉంది" అన్నప్పుడు ఆమె వద్దంటే ఎవరూ వింతగా చూడలేదు. ఆమె వద్దన్నది తీపిని కాదు, సీసా మీది కాగితాన్ని. దాని మీద చిన్నకోడలి గుండ్రటి చేతిరాతలో ‘గుమ్మడి పూల తేనె’ అని ఉంది.

ఆ గుమ్మడి పూలు ఎవరివి?

ఇంటి వెనక పొలాన్ని అన్నదమ్ములిద్దరూ చెరిసగం పంచుకున్నారు. మధ్యలో మనిషి నడిచేంత గట్టు. ఇటు పెద్దకోడలి గుమ్మడితోట. అటు చిన్నకోడలి ఆకుకూరల మళ్ళు, వాటి చివర చెట్లనీడలో ఆమె తేనెపెట్టెలు. ఆకుకూర పూతకు రాకముందే కోసేస్తారు కాబట్టి అటువైపు పువ్వన్నదే ఉండదు. అంటే ఆ ఈగలు తెల్లారగానే గట్టు దాటి వచ్చి, ఈమె నీళ్ళు పెట్టి, ఎరువు వేసి, నడుం పడిపోయేలా కలుపు తీసి పెంచిన తీగల మీద వాలి, కడుపునిండా తాగి, మళ్ళీ గట్టు దాటి వెళ్ళి ఆ పెట్టెల్లో దాచుకుంటున్నాయి. చాకిరీ ఇటు, సీసాలు అటు.

ఇంట్లో అత్తగారి చెంచా ఒక్కటే అయితే ఓర్చుకునేదేమో. కూరగాయల కొట్టాయన కూడా అటు తిరిగిపోయాడు. ఏటా ఆమె తోటలో దిగిన తొలికాయల్ని కొట్టు ముందు మెట్టు మీద వరసగా పేర్చి, "పెద్దమ్మగారి కాయలు" అని వచ్చినవాళ్ళకల్లా చూపించేవాడు. ఈసారి కాయలు దిగకముందే ఆ మెట్టు మీద తేనెసీసాలు కూర్చున్నాయి.

"మీ చెల్లెలి చేతిలో ఏదో మహత్యం ఉందమ్మా" అన్నాడాయన. "కల్తీ లేదు, మందు వాసన లేదు. జనం అడిగి మరీ తీసుకెళ్తున్నారు."

"ఆవిడ చేతిలో ఏమీ లేదు. ఉన్నదంతా ఈగల నోట్లోనే" అనేసి, సంచీ విదిలించుకుని వచ్చేసింది.

ఇంటికొచ్చి చూస్తే చిన్నకోడలు గట్టు మీద నిలబడి ఉంది.

"అక్కా, ఒక్కమాట. పొద్దునపూట మందు కొట్టకు. సాయంత్రం, పూలు ముడుచుకున్నాక కొట్టుకో. లేకపోతే మన ఈగలు చచ్చిపోతాయి."

"మన ఈగలా? ఈగల దగ్గరికొచ్చేసరికి మన, సీసాల దగ్గరికొచ్చేసరికి నీ. బాగుంది వరస."

చిన్నకోడలు నవ్వేసింది. ఆ నవ్వొకటి. ఏమన్నా తగలదు ఆ మనిషికి.

మర్నాడు తెల్లారగానే పెద్దకోడలు మందుడబ్బా నింపి వీపుకు తగిలించుకుంది. నా పొలం, నా మందు, నా ఇష్టం. తోటలోకి వెళ్ళి మొదటి తీగ దగ్గర గొట్టం ఎత్తింది. ఎదురుగా విచ్చుకున్న పువ్వులో ఒక ఈగ పొర్లాడుతోంది. పిండి డబ్బాలో పడ్డ పసిదానిలా ఒళ్ళంతా పసుపు పులుముకుని, బయటికి రాబోయి, జారి మళ్ళీ లోపలికే పడింది. ఆమె చెయ్యి మీటమీదే ఆగిపోయింది. కోపం చిన్నకోడలి మీద. ఈ పురుగు తనకేం చేసింది? కావాలని విషం చల్లి, ఆనక అదే తోటలో కోసిన కాయని ఎవరింట్లో పిల్లలకో తినమని పంపడానికి తనకు మనసెలా వస్తుంది? డబ్బా దించేసింది. దించేసినందుకు తన మీద తనకే చిరాకేసింది. ఆవిడ చెప్పినట్టే విన్నట్టయింది కదా!

అప్పుడు వచ్చింది వల ఆలోచన. మందు కొట్టకుండానే పురుగుని ఆపే సన్నకన్నుల తెల్లటి వల. ప్లాస్టిక్ గొట్టాల్ని విల్లులా వంచి పాతి, తీగల మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా కప్పించింది.

"దోమలు కుడుతున్నాయా ఏంటి గుమ్మడికాయల్ని?" అన్నాడు భర్త.

"మందు కొట్టొద్దంది కదా మీ మరదలు. అందుకే ఇది."

"మరి ఈగ వాలకుండా పిందె ఎలా నిలుస్తుంది?"

"మగపువ్వు తెంపి ఆడపువ్వుకి నేనే అద్దుతా. నాకు చేతుల్లేవా?"

"పొలమంతానా?"

"పొలమంతానే."

మొదటి రోజు ఆమెకు పండగే. ఈగలు గట్టు దాటి వచ్చి వలకు కొట్టుకుని, రొదపెడుతూ పైనే తిరిగి, వట్టి చేతులతో వెళ్ళిపోయాయి. వల కింద గొంతుక్కూర్చుని ఆ రొద వింటుంటే కచేరీ విన్నంత హాయిగా అనిపించింది. వెళ్ళండి, వెళ్ళి మీ అమ్మగారికి చెప్పుకోండి అనుకుంది.

తర్వాత తెలిసింది, ఆ పని ఎంతో. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది, ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతుంది. ఆ కాస్త వ్యవధిలో మగపువ్వు తెంపాలి, రేకలు వలవాలి, లోపలి పుప్పొడి రాలిపోకుండా ఆడపువ్వు నడిబొడ్డున అద్దాలి, మళ్ళీ ఇంకొకటి వెతకాలి. ఒక వరస పూర్తయి తలెత్తేసరికి పక్క వరసలన్నీ మూతులు ముడుచుకుని కూర్చునేవి. భర్తను సాయం రమ్మంటే ఆయన చేతిలో పువ్వు కాడతో సహా ఊడివచ్చింది. "నువ్వే చెయ్యవే తల్లీ, నా వేళ్ళు పారకి పుట్టాయి" అని తప్పుకున్నాడు.

వారం తిరిగేసరికి పిందెలు పసుపుబడ్డాయి. ముట్టుకుంటే మెత్తగా, చివర కుళ్ళి, చేతిలోకి రాలిపోయేవి. తను అద్దినవి మాత్రం నిలిచాయి, అక్కడొకటి ఇక్కడొకటి. రాలినవాటిని ఎవరి కంటా పడకుండా కొంగులో పోసుకుని ఎరువుగుంతలో వేసి పైన ఆకు కప్పేది. ఇలాగే సాగితే ఈ ఏడు పంట లేనట్టే. అయినా వల తీయాలంటే ప్రాణం ఒప్పలేదు. తీస్తే అటువైపు సీసాలు నిండుతాయి.

అలాంటి ఒక ఉదయం చిన్నకోడలే వలెత్తి లోపలికి వచ్చింది. ముఖంలో నవ్వు లేదు.

"అక్కా, వల తీస్తావా?"

"ఏం?"

"పెట్టెలు తేలికైపోయాయి. ఎత్తితే తెలుస్తోంది. పంచదార నీళ్ళు పెట్టమంటున్నారు మీ మరిది. అవి బతకడానికైతే పెడతా గానీ, ఆ నీళ్ళని తేనె అని సీసాకెత్తి ఎలా అమ్మను? నమ్మి కొనుక్కుంటున్నారు కదా జనం."

పెద్దకోడలి గుండె ఎగిరి గంతేసింది. ఇన్నాళ్ళూ ఈ మాట కోసమే కదా! "అయితే ఆ తేనంతా నా పూలదేనన్నమాట."

"కాదని ఎవరన్నారు? సీసా మీద రాశాను కూడా."

"గుమ్మడి పూలని రాశావు. ఎవరి గుమ్మడి పూలో రాయలేదు."

"సరే, రాస్తా. సగం తేనె నీకే ఇస్తా. మరి సగం కాయలు నాకిస్తావా?"

"కాయలెందుకివ్వాలి?"

"పూలు నీవి కాబట్టి తేనె నీదైతే, ఈగలు నావి కాబట్టి కాయలు నావి కావా?"

ఏదో అనబోయింది పెద్దకోడలు. సరిగ్గా అప్పుడే చిన్నకోడలి చూపు కిందికి వాలింది. కాలి దగ్గర ఒక పిందె, ఇంకా ఏరనిది, నల్లబడ్డ మూతితో పడి ఉంది. దాని పక్కన ఇంకొకటి. చిన్నకోడలు చూసింది. చూసి, కాలితో ఒక ఆకుని మెల్లగా వాటి మీదికి జరిపి, చూడనట్టే తీగలవైపు తల తిప్పుకుంది.

పెద్దకోడలికి ఒళ్ళు భగ్గుమంది. పంట పోయిందని ఎగతాళి చేసి ఉంటే ఓ చక్కటి పోట్లాట పెట్టుకుని ఉండేది. ఈ మనిషి పరువు కూడా కాపాడుతోందే! ఆ మంచితనం కూడా ఆవిడకే రావాలా? తనకెందుకు రాలేదు ముందు?

"వెళ్ళు" అంది. "వల నేనే తీసుకుంటా. నువ్వు చెయ్యి వెయ్యొద్దు, తీగలు తొక్కుతావు."

వల చుట్టేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఆ ఏడు కొట్టు మెట్టెక్కిన తొలికాయలు ఇంకెవరివో. పెద్దమ్మగారి తీగలకు అప్పటికి మలిపూత మాత్రమే మిగిలింది.

మర్నాడు వెలుతురు రాకముందే ఆమె తోటలో ఉంది. బాగా విచ్చిన ఒక ఆడపువ్వు ముందు కూర్చుని ఎదురుచూసింది. ఈగలు వచ్చాయి. మూడు బారల అవతల మగపువ్వులో ఒకటి దూరింది, బయటికొచ్చి ఇంకో మగపువ్వులో దూరింది, తర్వాత మూడోదానిలో.

"ఇటు రావే" అంది గొంతు తగ్గించి. "ఇక్కడ చూడు, ఎంత పెద్ద పువ్వో. అదేం చోద్యమే, అక్కడే తిరుగుతావ్? ఆవిడింట్లో పెరిగినదానివి, నీకు మాత్రం టెక్కుండదూ! రా తల్లీ, రా."

ఈగ గాలిలో కాసేపు ఊగి, ఆమె మోకాలి మీదుగా వచ్చి, పువ్వు అంచున వాలి, లోపలికి నడిచింది. పెద్దకోడలు ఊపిరి బిగబట్టింది.

"అక్కా, ఎవరితో మాట్లాడుతున్నావ్?" గట్టు అవతలి నుంచి చిన్నకోడలు కేకేసింది.

"ష్! అరవకు" అంది, చూపు తిప్పకుండానే. "బెదిరిపోతుంది."